సైబర్‌పంక్ నాకు నచ్చింది ఒకందుకు, మా అమ్మాయికి నచ్చింది ఇంకొకందుకు

ఆబిడ్స్_ఆదివారం | శనివారం రాత్రి 9:42

నాకు 54 ఏళ్లు. 1993లో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో విలియం గిబ్సన్ నవల ‘న్యూరోమాన్సర్’ దొరికింది. సైబర్‌పంక్ అంటే ఇలాంటి కథలే: యంత్రాలు ఒంట్లోకి వచ్చేసిన, పెద్ద కంపెనీలు ఏలే భవిష్యత్తు లోకం, అందులో నలిగే మామూలు మనుషులు. వెనక అట్ట లేదు. 15 రూపాయలకు ఇచ్చాడు. అప్పటికి కంప్యూటర్ అంటే నాకు తెలిసింది చెప్పులు బయట విడిచి ఏసీ గదిలోకి వెళ్లడం, గంట అయ్యాక తర్వాతి బ్యాచ్ వాళ్లకు కుర్చీ ఇచ్చి లేవడం. ఆ పుస్తకంలో సగం మాటలు తెలియవు. అయినా తెల్లవారేదాకా చదివాను. కేస్ అనే హ్యాకర్ తలకు ఎలక్ట్రోడ్లు పెట్టుకుని, ఒళ్లు మరిచి, డేటా లోకంలోకి దూకే పేజీలను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నేనూ అక్కడికి వెళ్లాలి అనిపించింది. తర్వాత నేర్చుకున్న చదువు, చేసిన ఉద్యోగం అన్నీ ఆ కోరిక వెనకాలే వచ్చాయని ఇప్పటికీ నమ్ముతాను.

మొన్న మా అమ్మాయి ‘సైబర్‌పంక్: ఎడ్జ్‌రన్నర్స్’ పెట్టుకుంది. తను ఇంజనీరింగ్ మూడో ఏడు. అది 2022లో వచ్చిన పది ఎపిసోడ్ల యానిమే, అంటే జపాన్ తరహా బొమ్మల సిరీస్. నేనూ పక్కన కూర్చున్నాను. నా కళ్లన్నీ నగరం మీద, దీపాల మీద, ఆకాశంలో తిరిగే వాహనాల మీద ఉన్నాయి. తను మాత్రం మొదటి ఎపిసోడ్‌లోనే కళ్లు తుడుచుకుంది. డేవిడ్ అనే కుర్రాడి ఇంట్లో డబ్బు కట్టలేదని వాషింగ్ మెషీన్ ఆగిపోతుంది. వాళ్లమ్మ రెండు చేతులా కష్టపడి వాణ్ణి పెద్ద కంపెనీ నడిపే స్కూల్లో చదివిస్తుంటుంది. ఇద్దరూ రోడ్డు మీద ప్రమాదంలో పడితే అత్యవసర వైద్య బృందం వచ్చి చూసి, వీళ్లు తమ చందాదారులు కారని వదిలేసి పోతుంది.

“ఇందులో కల్పన ఎక్కడుంది నాన్నా?” అంది.

నాకు జవాబు దొరకలేదు. ఆ రోజు నుంచి ఒకటే ఆలోచన. నేను 22 ఏళ్ల వయసులో ఈ కథల్లోకి పారిపోవాలనుకున్నాను. తనకు అవే కథలు ఇంట్లో గొడవలా వినిపిస్తున్నాయి. కథలు మారాయా, మేము మారామా? మీరు ఎప్పుడు, ఏది మొదట చదివారో, చూశారో చెప్పండి. అప్పుడు మీలో ఏం కదిలిందో కూడా రాయండి.

ప్రవాసి_1999 | శనివారం రాత్రి 10:20

ఆబిడ్స్ గారూ, మీరు చెప్పిన ఆ చెప్పులు విడిచే గది నాకూ గుర్తుంది.

నా మొదటిది ‘ది మ్యాట్రిక్స్’. 1999 మార్చి చివర్లో విడుదలైంది. నేను అమెరికా వచ్చి రెండు నెలలు. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలుగా మార్చే పని, వైటూకే పని. మన ఊళ్ల నుంచి వేలమంది వచ్చింది దానికే. పగలంతా క్యూబికల్‌లో కూర్చునేవాణ్ణి. తెర మీద నియో కూడా అలాంటి క్యూబికల్‌లోనే కూర్చుని ఉంటే హాల్లో నా గుండె కొట్టుకుంది. ఈ మనిషి లేచి బయటికి పోతాడు, నేనూ పోతాను అనుకున్నాను.

మా కాలంలో సైబర్‌స్పేస్ అంటే నిజంగానే కొత్త దేశం. ఆ మాటను 1982లో గిబ్సనే ఒక చిన్న కథలో పుట్టించాడు. 1996 ఫిబ్రవరిలో ఇంటర్నెట్ స్వేచ్ఛ కోసం పోరాడే జాన్ పెరీ బార్లో దావోస్‌లో కూర్చుని సైబర్‌స్పేస్ స్వాతంత్ర్య ప్రకటన అని ఒకటి రాశాడు. ప్రభుత్వాలకు ఇక్కడ చోటు లేదన్నాడు. నేను దాన్ని ప్రింట్ తీసుకుని గోడకు అంటించుకున్నాను. మా గదిలో నలుగురం ఉండేవాళ్లం, నలుగురమూ నమ్మాం. ప్రభుత్వాల సంగతి అంత గట్టిగా చెప్పిన ఆ కాగితం కంపెనీల గురించి దాదాపు ఏమీ చెప్పలేదని నాకు పదేళ్ల తర్వాత గాని తోచలేదు. సైబర్‌పంక్ నవలలు మాత్రం మొదటి నుంచీ కంపెనీల గురించే చెబుతూ వచ్చాయి. మేం ఆ భాగాన్ని అలంకారంగా చదివాం.

తెనాలి_22 | శనివారం రాత్రి 11:05

అంకుల్, మీ అమ్మాయి ఏడ్చిన సీన్‌కే నేనూ ఏడ్చాను.

ఒక విషయం చెప్పాలి. ఇంగ్లిష్‌లో సైబర్‌పంక్ గురించి రాసేవాళ్లంతా ‘కార్పొరేట్’ అనే మాటను విలన్ పేరులా వాడతారు. మన ఇళ్లలో ఆ మాట ఎలా వినిపిస్తుందో చూడండి. “అబ్బాయిని కార్పొరేట్ కాలేజీలో వేశాం.” “అమ్మను కార్పొరేట్ ఆసుపత్రికి తీసుకెళ్లాం.” గొప్పగా చెప్పుకునే మాట అది. నేను ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో చదివాను. పొద్దున 5 నుంచి రాత్రి 10 దాకా స్టడీ అవర్స్. ప్రతివారం మార్కులు గోడకు అంటించేవాళ్లు, మార్కులను బట్టి సెక్షన్ మారిపోయేది. ఫీజు కోసం నాన్న పొలం కౌలుకిచ్చి ఆటో నడిపాడు. డేవిడ్ వాళ్లమ్మ రాత్రి డ్యూటీ నుంచి వచ్చి సోఫాలో అలాగే నిద్రపోతుంటే నాకు కనిపించింది నాన్నే.

ఇంకోటి. మా నానమ్మ వేళ్లు మిరపకోతల్లో, పత్తి తీతల్లో అరిగిపోయాయి. రేషన్ దగ్గర ఆమె వేలిముద్ర పడదు. బొటనవేలు, చూపుడువేలు, మళ్లీ బొటనవేలు, చీర కొంగుతో తుడుచుకుని ఇంకోసారి. ఆ చెయ్యి ఆమెది కాదని మిషన్ అంటుంది. వెనక లైన్లో జనం ఉంటారు. ఆమె ముఖం చిన్నబోతుంది. నాకు సైబర్‌పంక్ అంటే నియాన్ దీపాల కంటే ముందు గుర్తొచ్చేది ఇది.

మీరు కంప్యూటర్ లోపలికి వెళ్లాలనుకున్నారు అంకుల్. మాకు ఊహ తెలిసేసరికి మేం లోపలే ఉన్నాం. హైదరాబాద్‌లో ‘సైబర్’ అనేది పోలీసు కమిషనరేట్ పేరు, ఫ్లైఓవర్ పక్క బస్టాప్ పేరు.

నైట్‌షిఫ్ట్ | ఆదివారం రాత్రి 1:17

నాకు 37. రెండు తరాల మధ్యలో ఉన్నవాణ్ణి కాబట్టి ఇద్దరికీ నచ్చని మాట చెబుతాను.

సైబర్‌పంక్ చచ్చిపోయింది. మిగిలింది వాల్‌పేపర్. వాన, ఊదా రంగు దీపం, జపాన్ అక్షరాల బోర్డు, హుడీ వేసుకున్న మనిషి. చైనాలో చోంగ్‌చింగ్ నగరానికి వెళ్లినవాళ్లు పెట్టే వీడియోలు చూడండి. లిజిబా స్టేషన్‌లో రైలు ఒక అపార్ట్‌మెంట్ బిల్డింగ్ మధ్యలోంచి దూసుకెళుతుంది. కింద అందరూ రాసే మాట ఒక్కటే: సైబర్‌పంక్ సిటీ. ఆ బిల్డింగ్‌లో ఉండేవాళ్లు ఎవరు, అద్దె ఎంత, ఎవరికీ అక్కర్లేదు.

‘బ్లేడ్ రన్నర్’ 1982లో వచ్చింది, థియేటర్లలో పెద్దగా ఆడలేదు. కథా కాలం 2019 నవంబర్, లాస్ ఏంజెలెస్. జపాన్ ‘అకీరా’ సినిమా 1988లో వచ్చింది, దాని కథా 2019లోనే. ఆ ఏడాది నవంబర్‌లో మేం ఐదుగురం రూమ్‌లో కూర్చుని రెండూ వరసగా చూశాం. బయట అదే 2019. మాకు భయం వేయలేదు, పాత రోజులు గుర్తొచ్చాయి. భవిష్యత్తు గురించి తీసిన సినిమా చూస్తే గతం గుర్తొస్తోందంటే ఆ ప్రక్రియ పని అయిపోయినట్టే అని నా నమ్మకం. ఇప్పటి పిల్లలకు నచ్చుతున్నది రంగులు, పాటలు, గేమ్‌లో బట్టలు మార్చుకోవడం.

తెనాలి_22 | ఆదివారం ఉదయం 7:31

అన్నా, గౌరవంతోనే అడుగుతున్నా. నా పోస్టు పూర్తిగా చదివాకే “రంగులు, పాటలు” అని రాశారా?

నిర్వాహకులు | ఆదివారం ఉదయం 8:00

చర్చ బాగుంది. కథల ముగింపులు చెప్పేటప్పుడు పోస్టు మొదట్లో హెచ్చరిక పెట్టండి.

పాచికలు | ఆదివారం ఉదయం 9:48

నేను టేబుల్‌టాప్ ఆటల వైపు నుంచి వచ్చాను. ‘ఎడ్జ్‌రన్నర్స్’కు మూలం ఏమిటో తెలిస్తే ఈ చర్చకు పనికొస్తుంది.

మైక్ పాండ్‌స్మిత్ అనే అమెరికన్ 1988లో ‘సైబర్‌పంక్’ పేరుతో ఒక ఆట తయారుచేశాడు. కాగితం, పెన్సిల్, పాచికలతో నలుగురు కూర్చుని కథ నడుపుకునే ఆట. మొదటి దాంట్లో కాలం 2013. 1990లో వచ్చిన రెండో దాంట్లో 2020. దాని మీద కట్టిన వీడియో గేమ్ ‘సైబర్‌పంక్ 2077’ 2020 డిసెంబర్‌లో వచ్చింది, ఆ గేమ్ లోకంలోంచి ఈ యానిమే. పాండ్‌స్మిత్‌ను బాగా కదిలించింది న్యూరోమాన్సర్ కంటే ఎక్కువగా వాల్టర్ జాన్ విలియమ్స్ 1986లో రాసిన ‘హార్డ్‌వైర్డ్’ నవల. అందులో హీరో సరుకు దాటించే డ్రైవర్. అంటే ఈ కొమ్మ మొదటి నుంచీ పనివాళ్ల వైపే ఉంది.

ఆ ఆటలో ఒక నియమం నాకు చాలా ఇష్టం. ఒంట్లో కొత్త యంత్రం పెట్టించుకున్న ప్రతిసారీ పాచిక వేయాలి. వచ్చినంత నీ మానవత్వం లెక్కలోంచి పోతుంది. పది పాయింట్లు పోతే నీ సహానుభూతి ఒక మెట్టు దిగుతుంది. అది సున్నాకి చేరితే ఆ పాత్ర నీది కాదు, ఆట నడిపేవాడు తీసేసుకుంటాడు. ఇంటర్లో మేం ఆడినప్పుడు ఆ నియమాన్ని దాటేసేవాళ్లం. కత్తులు, కొత్త కళ్లు, ఇనుప చేతులు అన్నీ ఒకేసారి కావాలి మాకు! ఇప్పుడు మా తమ్ముడి బ్యాచ్ ఆడుతుంటే చూస్తున్నాను. వాళ్లు ఆ నియమం చుట్టూనే కథ అల్లుకుంటారు. ఎవరు ఎందుకు ఏ భాగం అమ్ముకున్నారు, అప్పు ఎవరికి, తర్వాత ఇంటికి ఫోన్ చేస్తే గొంతు ఎలా మారింది. అదే పుస్తకం, అవే పాచికలు.

నైట్‌షిఫ్ట్ గారు చచ్చిపోయిందంటున్న దాని లెక్క ఒకటి: 2022 సెప్టెంబర్‌లో ఆ సిరీస్ రాగానే రెండేళ్ల నాటి గేమ్‌ను రోజుకు పది లక్షల మంది ఆడారు. వాళ్లంతా బట్టల కోసం వచ్చారని నేను అనుకోను. ఆ గేమ్‌లో డేవిడ్ వేసుకున్న జాకెట్ దొరుకుతుంది, నిజమే. ఆ జాకెట్ వాళ్లమ్మది. అందుకే వెతుక్కుంటారు.

గ్రంథాలయం_మెట్లు | ఆదివారం మధ్యాహ్నం 12:15

ముప్పై ఏళ్లు కాలేజీలో ఇంగ్లిష్ సాహిత్యం చెప్పి రిటైరయ్యాను. న్యూరోమాన్సర్‌ను నాలుగు తరాల పిల్లలతో చదివించాను. తరాలు ఎలా మారాయో చూడటానికి ఆ నవల మొదటి వాక్యం ఒక్కటి చాలు.

రేవు మీద ఆకాశం ప్రసారం లేని టీవీ రంగులో ఉందంటాడు. 1984 నాటి పుస్తకం అది. 90లలో పిల్లలకు నేను వివరించే పని ఉండేది కాదు. దూరదర్శన్ ఆగిపోయాక తెర మీద గిజగిజలాడే బూడిద చుక్కలు, మేడ మీద యాంటెన్నా తిప్పుతూ “వచ్చిందా? వచ్చిందా?” అని అరిచే అన్నయ్య, వాళ్లకు అన్నీ తెలుసు. బూడిదరంగు ఆకాశం, మబ్బు, పొగ. 2000 దాటాక వచ్చిన పిల్లలు “అంటే నీలం రంగా మేడమ్?” అని అడిగేవాళ్లు. వాళ్లింట్లో సిగ్నల్ లేకపోతే టీవీ నీలంగా మారేది. కాబట్టి వాళ్ల ఆకాశం నిర్మలంగా ఉండేది. నా చివరి బ్యాచ్‌లో ఒక అమ్మాయి “నలుపు కదా?” అంది. తర్వాత కాసేపు ఆలోచించి “లేకపోతే మధ్యలో గుండ్రంగా తిరుగుతుంటుంది” అంది. ఒక్క అక్షరం మారకుండా ఆకాశం మూడుసార్లు రంగు మారింది.

గిబ్సన్ ఆ నవలను టైప్‌రైటర్ మీద కొట్టాడు. అందులో సెల్‌ఫోన్ ఉండదు. ఒక హోటల్ లాబీలో కేస్ నడుస్తుంటే వరసగా ఉన్న కాయిన్ ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి మోగుతాయి, అవతల ఉన్నది ఒక కృత్రిమ మేధ. మూడు మెగాబైట్ల దొంగ మెమరీ అమ్ముకోవడం అందులో పెద్ద బేరం. ఈ రోజు ఫోన్లో ఒక్క ఫొటో అంత ఉంటుంది. యంత్రాల లెక్కలన్నీ తప్పిపోయినా పుస్తకం నిలబడిందంటే అది యంత్రాల మీద నిలబడలేదన్నమాట.

ఆబిడ్స్ గారూ, మీరు చిన్నవారు కాబట్టి చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. మీరు ఆ నవలలో సగమే చదివారు. మగపిల్లలు చాలామంది అంతే. మోలీ గుర్తుందా? గోళ్ల కిందనుంచి కత్తులు వస్తాయి, కళ్లకు అద్దాలు కుట్టి ఉంటాయి. ప్రతి బ్యాచ్‌లో అబ్బాయిలు ఆ కత్తుల గురించే మాట్లాడేవాళ్లు. ఆ కత్తులకు ఆమెకు డబ్బు ఎక్కడిది? ఆమె తన స్పృహను ఆపు చేయించుకుని, ఒంటిని అద్దెకిచ్చి సంపాదించింది. పుస్తకంలో స్పష్టంగా ఉంది. ప్రతి బ్యాచ్‌లో ఒకరో ఇద్దరో అమ్మాయిలు మాత్రం క్లాసయ్యాక వచ్చి ఆ పేజీ గురించి మెల్లగా అడిగేవాళ్లు. 90లలో కూడా అడిగారు. తరాల తేడా ఉంది, నేను కాదనను. ఎవరు ఏ ఒంట్లో కూర్చుని చదువుతున్నారన్న తేడా అంతకంటే పాతది.

1986లో బ్రూస్ స్టెర్లింగ్ ‘మిర్రర్‌షేడ్స్’ అని సైబర్‌పంక్ కథల సంకలనం తెస్తే అందులో ఒకే ఒక్క రచయిత్రి ఉంది, పాట్ కాడిగన్. ఆమె ‘సినర్స్’ 1991లో వచ్చింది. మెదడుకు సాకెట్లు పెట్టించుకుని పాటల వీడియోలు నేరుగా పంపే మనుషుల కథ. ఒక మనిషికి వచ్చిన పక్షవాతం నెట్‌వర్క్ గుండా పాకుతుంది. ఒంటిని వదిలేసి ఎక్కడికీ పోలేమని ఆమె అప్పుడే రాసింది. ఆమెను ఎవరూ చదవలేదే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

చూపు | ఆదివారం మధ్యాహ్నం 2:40

మేడమ్ పోస్టు చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను ఆప్టోమెట్రిస్టుని, కళ్లు పరీక్షించడం నా పని. నవలలు తక్కువ చదివాను, మా రంగంలో జరిగింది మాత్రం తెలుసు.

ఆర్గస్ 2 అని ఒక రెటీనా పరికరం. కాలిఫోర్నియాలో సెకండ్ సైట్ అనే కంపెనీ చేసింది. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే రెటీనా జబ్బుతో చూపు పోయినవాళ్ల కంట్లో 60 ఎలక్ట్రోడ్ల పలక పెడతారు. కళ్లద్దాల మీది కెమెరా చూసింది దానికి చేరుతుంది. వెలుగు చుక్కలు, అంచులు తెలుస్తాయి. అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. ధర సుమారు లక్షన్నర డాలర్లు. లోకమంతా కలిపి 350 మందికి పైగా పెట్టించుకున్నారు. 2019లో కంపెనీ ఆ పరికరాన్ని వదిలేసింది, 2020లో దివాలా అంచుకు వచ్చింది. పెట్టించుకున్నవాళ్ల కళ్లు వాళ్ల తలలోనే ఉన్నాయి. పాడైతే బాగుచేసేవాళ్లు లేరు, విడిభాగాలు లేవు.

మా ప్రొఫెసర్ ఇది క్లాసులో చెప్పినప్పుడు వెనక బెంచీలో ఒకబ్బాయి “సైబర్‌పంక్” అన్నాడు. ఆ మాట నేను వినడం అదే మొదలు. తర్వాత దాని అర్థం వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చాను. మందు కంపెనీ మూతపడితే ఇంకో మందు రాస్తాం. కన్ను కంపెనీ మూతపడితే రోగికి ఏం చెప్పాలి? నేను రోజూ చూసే పేషెంట్లలో సగం మంది ముసలివాళ్లు. “ఇది ఎన్నేళ్లు పనిచేస్తుందమ్మా?” అని అడుగుతారు. లెన్స్ గురించైతే ధైర్యంగా చెబుతాను.

మాదాపూర్_రైడర్ | ఆదివారం సాయంత్రం 4:26

అందరికీ నమస్తే. చాలా రోజులుగా చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి. డిగ్రీ అయింది, మూడేళ్లుగా ఫుడ్ డెలివరీ చేస్తున్నా. లంచ్, డిన్నర్ స్లాట్ల మధ్య ఖాళీ. ఇప్పుడు సైబర్ టవర్స్ దగ్గర చెట్టు కింద కూర్చుని ఇది టైప్ చేస్తున్నా.

ఎడ్జ్‌రన్నర్స్ నేను ఫోన్లో ముక్కలు ముక్కలుగా చూశా, ఆర్డర్‌కి ఆర్డర్‌కి మధ్య. (చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి.) డేవిడ్ ఒక పరికరం పెట్టించుకుంటాడు. అది బాగా పనిచేస్తుంది, దాంతో ఇంకా పెద్ద పని వస్తుంది, ఆ పనికి ఇంకో పరికరం కావాలి. డాక్టర్ వద్దంటాడు, స్నేహితులు వద్దంటారు. వాడు నాకేం కాదంటాడు. అందరూ ఆ సీన్లలో వాడి బలం చూస్తారేమో. నాకు మాత్రం మా ఇన్సెంటివ్ గుర్తొచ్చింది. ఇంకో రెండు ఆర్డర్లు కొడితే ఇంత వస్తుందని స్క్రీన్ చెబుతుంది. కొడతాం. మర్నాడు ఆ గీత ఇంకొంచెం పైకి జరుగుతుంది. నా ఒంట్లో ఎవరూ ఏ మిషన్ పెట్టలేదు. కానీ మూడేళ్లలో నడుము పోయింది, బెల్టు కట్టుకుని బండి ఎక్కుతున్నా. నా వయసు 26.

ఐడీ బ్లాక్ అయితే ఇంకో బాధ. పోయిన ఏడాది నాది నాలుగు రోజులు ఆగింది. వెళ్లి అడగడానికి మనిషి లేడు. చాట్‌లో రాస్తే ముందే రాసిపెట్టిన జవాబు వస్తుంది. ఎందుకు ఆగిందో చెప్పలేదు, ఎందుకు తెరిచారో కూడా చెప్పలేదు.

నైట్‌షిఫ్ట్ అన్నా, మీరన్న వాల్‌పేపర్ నా ఫోన్లోనూ ఉంది. వానలో నియాన్ దీపాల కింద ఒకడు బండి మీద పోతుంటాడు. అది ఎందుకు పెట్టుకున్నానంటే వాన పడ్డ రాత్రి ఐకియా ముందు రోడ్డు అలాగే ఉంటుంది, ఆ బండి మీద నేనే ఉంటా. మా పనిని అందంగా చూపించిన బొమ్మ నాకు ఇంకెక్కడా దొరకలేదు.

నైట్‌షిఫ్ట్ | ఆదివారం సాయంత్రం 6:10

తమ్ముడూ, నీ పోస్టు మూడుసార్లు చదివాను. వాల్‌పేపర్ గురించి నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తెనాలి చెల్లికి కూడా క్షమాపణ.

ఒక అనుమానం మాత్రం ఇంకా ఉంది. గుర్తుపట్టి ఏడవటం ఒకటి, కోపం రావడం ఇంకొకటి. 1990 మార్చి 1న అమెరికా సీక్రెట్ సర్వీస్ టెక్సస్‌లో స్టీవ్ జాక్సన్ గేమ్స్ అనే చిన్న ఆటల కంపెనీ మీద దాడి చేసి, అచ్చుకు సిద్ధంగా ఉన్న ఒక సైబర్‌పంక్ ఆట పుస్తకాన్ని ఎత్తుకెళ్లింది. కంప్యూటర్ నేరాలకు అది చేతిపుస్తకం అన్నారు. ఒక ఆట పుస్తకాన్ని చూసి ప్రభుత్వం భయపడింది! డిజిటల్ హక్కుల కోసం పోరాడే ఈఎఫ్ఎఫ్ అదే ఏడాది పుట్టడానికి ఆ దాడి కూడా ఒక కారణం. ఇవాళ ఎడ్జ్‌రన్నర్స్ చూసి ఎవరైనా భయపడుతున్నారా? పెద్ద ఓటీటీ కంపెనీయే డబ్బు పెట్టి తీయించి మనకు అమ్మింది. నా బెంగంతా అదే.

పాచికలు | ఆదివారం సాయంత్రం 6:52

ఆ బెంగ సరైనదే. ఐతే ఒకచోట దిగులుపడి ఇంకోచోట చూడకపోవడం ఎందుకు? కోపం ఉన్నచోట్లు మారాయి. చెన్ చియుఫాన్ నవల ‘వేస్ట్ టైడ్’ చదివారా? చైనాలో 2013లో వచ్చింది, 2019లో ఇంగ్లిష్‌లోకి కెన్ లియు తెచ్చాడు. గ్వాంగ్‌డాంగ్‌లో గుయియు అనే ఊరుంది, లోకం నలుమూలల నుంచి పాత కంప్యూటర్లు, ఫోన్లు అక్కడికి చేరేవి. కూలీలు ఉత్త చేతులతో సర్క్యూట్ బోర్డులు కాల్చి రాగి, బంగారం తీసేవాళ్లు. రచయిత ఆ పక్కనే షాంతౌలో పెరిగాడు. నవలలో ఆ కూలీలను చెత్తమనుషులు అని పిలుస్తారు. ఢిల్లీ సీలంపూర్ గల్లీల్లో జరిగే పని అదే. 1984లో అమెరికా రచయితలు జపాన్‌ను చూసి భయపడుతూ ఊహించి రాశారు. గిబ్సన్ అప్పటికి జపాన్ వెళ్లనే లేదు. ఇప్పుడు ఆ బోర్డులు విప్పే ఊళ్లవాళ్లే రాస్తున్నారు.

తెనాలి_22 | ఆదివారం సాయంత్రం 7:20

నైట్‌షిఫ్ట్ అన్నా, క్షమాపణ దాకా ఎందుకు, చదివారు చాలు.

మన దగ్గర్లోంచి ఒకటి చెబుతాను. లావణ్య లక్ష్మీనారాయణ్ ‘అనలాగ్/వర్చువల్’, 2020. తర్వాత బయటి దేశాల్లో ‘ది టెన్ పర్సెంట్ థీఫ్’ పేరుతో వచ్చింది. ఒకప్పుడు బెంగళూరుగా ఉన్న భవిష్యత్తు నగరం కథ. నగరాన్ని బెల్ కార్పొరేషన్ నడుపుతుంది. ప్రతి మనిషినీ ఉత్పాదకతతో కొలిచి గీత మీద ఒక చోట పెడతారు. పైవాళ్లకు అన్నీ. అడుగుకు పడినవాళ్లను అనలాగ్‌లని ముద్రవేసి అవతలికి పంపేస్తారు, అక్కడ కరెంటు, నీళ్లు కూడా గగనం. ఇంటర్లో సెక్షన్ మారిన రోజు సామాను మోసుకుని కింది ఫ్లోర్‌కి వెళ్లాను నేను. ఆ నవల చదువుతుంటే ఆ మెట్లే గుర్తొచ్చాయి. నాకు కోపమే వచ్చింది అన్నా, ఏడుపు కాదు.

‘కల్కి 2898 ఏడీ’ సినిమాలో కూడా భైరవ, పైవాళ్లు ఉండే కాంప్లెక్స్‌లోకి వెళ్లడానికి పది లక్షల యూనిట్లు కూడబెడుతుంటాడు గదా. హాల్లో మా నాన్న నా చెవిలో “డొనేషన్ సీటు” అన్నాడు.

ప్రవాసి_1999 | ఆదివారం రాత్రి 8:35

రైడర్ తమ్ముడికి ఒక పుస్తకం గురించి చెప్పాలి.

నీల్ స్టీవెన్‌సన్ ‘స్నో క్రాష్’, 1992. మెటావర్స్ అనే మాట అందులోదే. 2021లో ఒక పెద్ద కంపెనీ ఏకంగా పేరే మార్చుకుంది దాని మీద మోజుతో. మన ‘అవతారం’ తెరమీది బొమ్మకు పేరుగా అందరి నోళ్లలో పడటంలో ఆ నవలకు పెద్ద వాటా ఉంది. నేను, నా వయసువాళ్లం ఆ మెటావర్స్ వీధి గురించే మాట్లాడుకున్నాం. హీరో అక్కడ గొప్ప కత్తివీరుడు, పెద్ద హ్యాకర్.

ఐతే నవల ఎలా మొదలవుతుందో తెలుసా? హీరో పిజ్జా డెలివరీ చేస్తుంటాడు. 30 నిమిషాల్లో చేరాలి. ఆ కంపెనీ మాఫియాది. డబ్బా మీద గడియారం లెక్కపెడుతుంటుంది. అతను ఉండేది ఇల్లు కాదు, సామాన్లు దాచుకునే గోదాములో ఒక గది. మొదటి అధ్యాయమంతా ఆ డెలివరీయే. 1999లో చదివినప్పుడు అది నవ్వించడానికి రాశాడనుకుని గబగబా పేజీలు తిప్పాను. నిన్న రాత్రి అటక మీంచి తీసి మళ్లీ చదివాను. తిప్పలేకపోయాను.

మాదాపూర్_రైడర్ | ఆదివారం రాత్రి 11:48

డబ్బా మీద గడియారమా! 1992లోనా? ఇప్పుడే డ్యూటీ అయింది. ఆ పుస్తకం నాకు కావాలి. ఇంగ్లిష్ మెల్లగా చదువుతా, పర్లేదు.

ఆబిడ్స్_ఆదివారం | సోమవారం ఉదయం 6:15

అందరి పోస్టులూ చదివి రాత్రి నా న్యూరోమాన్సర్ బయటికి తీశాను. గ్రంథాలయం మేడమ్, మీరు చెప్పింది నిజం. నేను 22 ఏళ్లప్పుడు పెన్సిల్‌తో గీతలు గీసుకున్న చోట్లు అన్నీ ఉన్నాయి. అన్నీ సైబర్‌స్పేస్ పేజీలే. ఒంటిని ‘మాంసం’ అని కేస్ చులకన చేసే చోట రెండు గీతలు గీశాను.

గీత లేని పేజీల దగ్గర ఈసారి ఆగాను. కేస్ యజమానుల దగ్గర దొంగతనం చేస్తే వాళ్లు చంపరు. విషంతో నరాలు పాడుచేసి వదిలేస్తారు, ఇక ఆ పని చేయలేకుండా. అంటే ఐడీ బ్లాక్. తర్వాత ఒక కొత్త మనిషి వచ్చి ఖరీదైన వైద్యం చేయించి నరాలు బాగుచేస్తాడు. అదే ఆపరేషన్‌లో రక్తనాళాల గోడలకు విషపు సంచులు అంటిస్తాడు. అవి మెల్లగా కరుగుతుంటాయి. పని పూర్తిచేస్తే విరుగుడు ఇస్తాడు, లేకపోతే మళ్లీ మొదటికే. ఆ పేజీ నేను 1993లో చదివే ఉంటాను. కథ ముందుకు నడవడానికి ఏదో ఒక కారణం కావాలి కాబట్టి పెట్టాడని అనుకుని ఉంటాను. చేతిలో అప్పు లేదు, ఒంట్లో నొప్పి లేదు ఆ రోజుల్లో.

ఈ పేజీ మా అమ్మాయికి చదివి వినిపించాను. “మరి ఇన్నాళ్లూ డేటా లోకం గురించే చెప్పావేం నాన్నా?” అంది. పుస్తకం తీసుకుని తన గదిలోకి వెళ్లింది. నా గీతల పక్కన తన గీతలు వేరే రంగుతో గీస్తానంది, సరేనన్నాను.

చూపు గారూ, ఆర్గస్ గురించి ఇంకా రాయండి, తను అడుగుతోంది.

రైడర్ బాబూ, వచ్చే ఆదివారం ఆబిడ్స్‌లో స్నో క్రాష్ వెతుకుతాను. దొరక్కపోతే కొత్తదే తెప్పిస్తాను. నీకు ఏ టైం కుదురుతుంది?

మాదాపూర్_రైడర్ | సోమవారం ఉదయం 10:02

సర్, పదకొండున్నరకి లంచ్ స్లాట్ మొదలవుతుంది. పది గంటలకల్లా వస్తే మీకు ఇబ్బందా?

ఆబిడ్స్_ఆదివారం | సోమవారం ఉదయం 10:09

పదింటికి అప్పుడే బస్తాలు విప్పుతుంటారు. అదే మంచి టైం. జీపీఓ గేటు దగ్గర ఉంటాను. మా అమ్మాయి కూడా వస్తానంటోంది.